కొలిమికి దొరికిన తోడు

కంసాలి వేయి దెబ్బలు, కమ్మరి ఒక్క దెబ్బ యని సామెత. సామెత ఆ దెబ్బలోని బలమును చెప్పినదే కాని, అది యెవరి బలమో చెప్పలేదు. కొలిమి యొద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి ఆ సంగతి తెలియును. కమ్మరి యెడమచేతి పట్టకారుతో కాలిన యినుమును దాగలిపై నిలిపి, కుడిచేతి సుత్తితో ఒకచోట తట్టును. ఎదుట నిలిచిన మఱొకరు సమ్మెట నెత్తి సరిగా ఆ చోటనే మోదుదురు. సుత్తి చోటు చూపును. అది తట్టిన తీరును బట్టి దెబ్బ యెంత గట్టిగా పడవలయునో తెలియును. సుత్తి యినుమును విడిచి దాగలిపై మ్రోగినచో ఇక చాలునని యర్థము. మాటలు లేని ఈ సంభాషణ సాగినంతసేపు ఇనుము మైనమువలె లొంగును. లోకము ఒక్క దెబ్బగా ఎంచినదానిలో రెండు జతల చేతులు కలవు.

ఆ రెండవ జత చేతులు పలు ఊళ్ళలో కమ్మరి భార్యవి, లేదా కుమారునివి. కూలి యిచ్చి మనిషిని పెట్టుకొనుటకు చాలినంత రాబడి చిన్న కొలిమికి అరుదు. నాలుగైదు కిలోల సమ్మెటను తలపై కెత్తి, ఇనుము చల్లారకముందే ఇరువది ముప్పది దెబ్బలు వేసి, అది మరల కాగువరకు నిప్పు చూచుకొని, మరల సమ్మెట నందుకొనుట ఆమె దినచర్య. భుజములును, నడుమును అరిగిపోవు పని యది. కుమారుడు చదువుకొనియో, పట్టణమునకు పోయియో వేఱొక పని చూచుకొన్నచో అతనిని తప్పు పట్టువారెవరు? కాని ఆనాటినుండి కొలిమికడ కమ్మరి ఒంటివాడు. ఒంటివానికి సన్నని పని మిగులును, లావు పని దక్కదు. గునపమును సాగదీయవలెనన్నను, గొడ్డలికి కన్ను తీయవలెనన్నను ఎదుట ఒక సమ్మెట ఉండవలయును.

ఈ లోటు తెలుగునాటి కమ్మరి యొక్కనిదే కాదు. సమ్మెట పట్టు మనిషి కరవైన ప్రతి దేశమునను కమ్మరులు ఆ మనిషికి బదులుగా ఒక యంత్రమును కోరుకొన్నారు. కర్మాగారములకు అది చిరకాలము క్రిందటనే లభించినది. ఒంటి కమ్మరికి మాత్రము అది పాత సామానుల కుప్పలో దొరకినది.

రోకలినుండి ఆవిరి వఱకు

ఎత్తి దించు బరువును మనిషి చేతులనుండి తప్పింపవలెనను ఊహ ఇంచుమించు రెండు వేల యేండ్ల నాటిది. క్రీస్తుశకము తొలినాళ్ళలో చైనాదేశమందు హువాన్ తాన్ అను పండితుడు ధాన్యము దంచు విధములను వర్ణించుచు, చేతిరోకలి తరువాత కాలితో త్రొక్కు రోకలి వచ్చెననియు, ఆపైని పశువుల బలమును, నీటి బలమును ఆ పనికి వినియోగించిరనియు వ్రాసెను. మధ్యయుగములలో ఐరోపాయందు ఏటి గట్టులపై వెలసిన కొలుములలో నీటిచక్రము తిరుగుచు, దాని యిరుసునకున్న పళ్ళతో పొడుగైన కొయ్యపిడిగల సమ్మెటను ఎత్తి విడుచుచుండెను.

19వ శతాబ్దిలో ఓడలు పెరిగెను, వాని యిరుసులును పెరిగెను. ఇంగ్లండులో ‘గ్రేట్ బ్రిటన్’ అను ఓడకు మొదట తలపెట్టిన తెడ్డుచక్రముల యిరుసు ఎంత లావైన దనగా, దానిని సాగగొట్టుటకు నాటి సమ్మెట లేవియు చాలకపోయెను. స్కాట్లండులో పుట్టిన యంత్రశిల్పి జేమ్స్ నాస్మిత్ ఆ యిరుసును మనసులో నుంచుకొని 1839 నవంబరు 24వ తేదీన తన పుస్తకములో ఆవిరి సమ్మెట చిత్రమును గీసెను. తీరా ఆ ఓడకు తెడ్డుచక్రములను మాని వెనుక త్రిప్పుడురెక్కలను అమర్చుటకు నిశ్చయించుటచే ఆ యిరుసుతో పనియే లేకపోయెను. ఫ్రాన్సులోని లె క్రూసో కర్మాగారమువారు 1840లో ఆవిరి సమ్మెటను నిర్మించిరి. 1842లో అచటికి వెళ్ళిన నాస్మిత్, తాను కాగితముపై గీసినట్టి సమ్మెట యినుప రూపున పనిచేయుచుండుట కన్నులార చూచి, ఇంగ్లండునకు మరలి ఆ యేడే పేటెంటు పొందెను. 1877లో లె క్రూసోలో నూరు టన్నుల సమ్మెట వెలసినది. నేడు అది ఆ ఊరి ముంగిట స్మారకముగా నిలిచియున్నది.

ఆవిరి సమ్మెటను చూడవచ్చినవారికి ఆ దినములలో ఒక వినోదము చూపెడివారు. గాజుపాత్రలో కోడిగ్రుడ్డు నుంచి, టన్నులకొలది బరువును దానిపైకి దించి, పాత్ర పగులకుండ గ్రుడ్డు పెంకు మాత్రము చిట్లునట్లు చేయుదురు. ఇది గారడి కాదు. సమ్మెట గొప్పతనము బరువులో లేదు, చెప్పినచోట చెప్పినంతగా దిగుటలో నున్నది. పాత యినుముతో సమ్మెటను కట్టుకొను కమ్మరి నేర్వవలసిన మొదటి పాఠమును ఇదియే.

తీసినదియు, ఇచ్చినదియు మోటారుబండియే

ఆవిరి సమ్మెటలు కర్మాగారముల సొత్తు. ఊరి కొలుములకు తగిన చిన్న యంత్రసమ్మెటలు 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో అమెరికాయందు వ్యాపించెను. మిన్నెసోటా రాష్ట్రములోని మన్‌కేటో పట్టణమున తయారైన ‘లిటిల్ జయంట్’ సమ్మెటలు వానిలో పేరుగన్నవి. చిన్నదాని సమ్మెటతల బరువు 25 పౌనులు, పెద్దదానిది 500 పౌనులు. గుఱ్ఱపు లాడములు, నాగటి కఱ్ఱులు, బండిచక్రముల పట్టాలు ఆ కొలుములకు బ్రతుకుతెరువు. మోటారుబండియు, ట్రాక్టరును వచ్చి గుఱ్ఱమును తప్పించినంతనే ఆ బ్రతుకుతెరువు పోయెను. ఒక్కొక్కటిగా కొలుములు చల్లారెను. ఎన్నో సమ్మెటలు పాత యినుము క్రింద అమ్ముడుపోయెను.

1973లో జార్జియా రాష్ట్రమందలి లంప్‌కిన్ అను చిన్న ఊరిలో 27 మంది కమ్మరులు కూడి ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఉత్తర అమెరికా కళాకమ్మరుల సంఘ మన్నది అదియే. క్రమక్రమముగా కొలుములు మరల రాజుకొనెను. అయితే క్రొత్తగా నిప్పు రగిల్చినవారిలో పలువురకు ఎదుట సమ్మెట పట్టు తోడు లేదు. పాత యంత్రసమ్మెటలు మిగిలినవి కొద్ది, వాని వెల హెచ్చు. అప్పుడు వారి చూపు మూలబడిన మోటారుబండ్ల కుప్పలవైపు మఱలినది. ఏ బండి తమ వృత్తిని తీసినదో, ఆ బండి చక్రములోను, ఇరుసులోను, స్ప్రింగులోను వారు తమ సమ్మెటను వెదకుకొనిరి.

వారు కట్టిన సమ్మెటలు పలు విధములు. కొన్నింట లారీ కమాను పట్టీలు ఏతపుమాను వలె పైకి క్రిందికి ఊగుచు సమ్మెటతలను విసరును. కొన్ని గాలి యొత్తిడితో నడచును. పదిమందికి నచ్చినవానిలో ఒకటి టైరు సమ్మెట. రే క్లాంట్జ్ అను కమ్మరి రూపకల్పనను క్లే స్పెన్సర్ అను మఱొక కమ్మరి కొలతలతో చిత్రములుగా గీసి తోటివారికి అందజేసెను. కమ్మరులు ఒకచోట గుమిగూడి, ఒకరు కోయగా ఒకరు వెల్డింగు చేయగా, కొలది దినములలో ఎవరి సమ్మెటను వారు ఇంటికి తీసికొనిపోవు శిబిరములును జరిగెను. ఒంటిగా పని చేసికొనుటకై కావలసిన యంత్రమును అందఱు కలిసి కట్టుకొనిరన్నమాట.

దాని కట్టడి

ఈ యంత్రమున రహస్య మేమియు లేదు. మందమైన ఇనుపరేకు పీఠము. దానిపై ముందువైపున నిలువుగా దాగలిదిమ్మ, వెనుకవైపున ఒక కంబము. కంబము పైకొనను పాత కారు ఇరుసుముక్క, దానిపై తిరుగు ఒక చక్రము, చక్రమునకు టైరు. చక్రము నడిమినుండి కొంత యెడముగా ఒక లావు మేకు బిగించి, దానినుండి ఒక కడ్డీని వ్రేలాడదీయుదురు. చక్రము తిరిగినపుడు మేకు చుట్టు తిరుగును, కడ్డీ పైకి క్రిందికి ఆడును. కుట్టుమిషనులో చక్రము తిరుగుచు సూదిని ఆడించుటయు ఇట్టిదే. కడ్డీ క్రింద 50 పౌనుల, అనగా ఇంచుమించు 23 కిలోల, ఇనుపదిమ్మ యొకటి చతురపు గొట్టములో జారుచు లేచి దిగును. అదియే సమ్మెటతల.

అయితే కడ్డీని నేరుగా సమ్మెటతలకు బిగించినచో యంత్రము ఒక్కదినమైనను నిలువదు. ఏలయన చక్రమునకు ఒకే కొలత తెలియును. ప్రతిసారి అంతే యెత్తును, అంతే దించును. దాగలిపై నున్నది రెండంగుళముల యినుమో, అరయంగుళముదో దానికి పట్టదు. లావు ఇనుము అడ్డుపడెనా, ఏదో ఒకటి విరుగవలయును. సన్నని యినుమైనచో దెబ్బ అందనే యందదు. ఈ చిక్కునకు మందు స్ప్రింగు. కడ్డీ చివర రెండు ఇనుపచేతులను అమర్చి, వాని పైకొనల నడుమ బలమైన స్ప్రింగును బిగింతురు. క్రిందికొనలనుండి సమ్మెటతల వ్రేలాడును. చక్రము కడ్డీని పైకి లాగునపుడు బరువైన తల కొంత వెనుకబడును. కడ్డీ దిగ నారంభించునప్పటికి తల యింకను పైకి పోవుచునే యుండును. ఆ వేగమును స్ప్రింగు తనలో దాచుకొని, దిగునపుడు కొరడా ఝళిపించినట్లు తలను క్రిందికి విసరును. లావు ఇనుము ఎదురైనపుడు అదే స్ప్రింగు తగ్గి యంత్రమును కాపాడును. మనిషి మణికట్టు చేయు పని ఇచట స్ప్రింగు చేయుచున్నది.

ఇక మోటారు. ఒక గుఱ్ఱపు బలముగల చిన్న మోటారును మడతబందులపై ఊగు పలకకు బిగించి, దాని యిరుసునకు చిన్న ఇనుప ఉరుళిని తొడుగుదురు. పీఠముచుట్టు త్రొక్కుడుకడ్డీ ఉండును. కాలు మోపినంతనే పలక కదలి, తిరుగుచున్న ఉరుళి టైరును ఒరసికొనును. కాలు తీసినంతనే విడిపోవును. మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగునదియు, ఉరుళి 3 అంగుళములదియు, టైరు 22 అంగుళములదియు అనుకొన్నచో, టైరు నిమిషమునకు 196 మారులు తిరుగునని లెక్క తేలును. చుట్టునకు ఒక దెబ్బ. కాలిని మెల్లగా మోపినచో ఉరుళి టైరుపై కొంత జారును, దెబ్బలు నెమ్మదిగా, మెత్తగా పడును. గట్టిగా మోపినచో పట్టు బిగిసి దెబ్బలు వడిగా, బలముగా పడును. రోడ్డుపై టైరు జారుట ప్రమాదము. కొలిమికడ టైరు జారుటయే దాని గుణము. నాస్మిత్ సమ్మెట గ్రుడ్డుపై చూపిన ఓర్పును ఈ సమ్మెట ఆ జారుడులోనే చూపుచున్నది.

దాగలి లెక్క

సమ్మెటను కట్టువారు మొదట సమ్మెటతల బరువునుగూర్చియే ఆలోచింతురు. అనుభవము గలవారు మొదట దాగలిని వెదకుదురు. దెబ్బ పడినపుడు దాగలి కదలక నిలిచిననే ఇనుము సాగును. దాగలి తేలికైనచో అదియు దెబ్బతోబాటు క్రిందికి పోవును, బలము నేలపాలగును. దాగలిదిమ్మ సమ్మెటతలకు సమానమైన బరువుగలదైనచో దెబ్బ బలములో సగమే ఇనుమునకు దక్కును. అయిదింతలైనచో నూటికి 83 పాళ్ళు, పదింతలైనచో 91 పాళ్ళు, ఇరువదింతలైనచో 95 పాళ్ళు దక్కును. పదింతలు దాటినపిదప పెంచిన బరువునకు లాభము స్వల్పము. కావుననే పదింతలను ఆదర్శముగా నెంచుదురు.

50 పౌనుల తలకు 500 పౌనుల దాగలి యనగా 227 కిలోలు. 8 అంగుళముల వ్యాసము, 35 అంగుళముల యెత్తు గల గట్టి ఇనుపదిమ్మ ఇంచుమించు అంత తూగును. పాతసామానుల కుప్పలో టైరు, ఇరుసు, స్ప్రింగు సులభముగా దొరకును. ఇట్టి దిమ్మ దొరకుట కష్టము. కొందఱు బోలు గొట్టములో ఇసుకయో, కాంక్రీటో పోసి సరిపెట్టుకొందురు. బరువు సమకూరును కాని గట్టితనము రాదు. అట్టి సమ్మెట చప్పుడు ఊరంత, సాగిన యినుము వేలంత. గట్టి యినుపకడ్డీల ముక్కలను నిలువుగా కట్టగట్టి వెల్డింగు చేయుట అంతకంటె మేలు.

బలములోని తేడా యెంతయో చిన్న లెక్క చెప్పును. దినమంతయు శ్రమించు మనిషి ఎడతెగక చేయగల పని ఇంచుమించు 75 వాట్లు. ఒక గుఱ్ఱపు బలము 746 వాట్లు. అనగా ఆ చిన్న మోటారు పదిమంది కూలీల పాటి. పసుపువన్నె వచ్చునట్లు కాచిన యినుము వేడిమి 1100 డిగ్రీల పైమాట. అది నిప్పునుండి బయటికి వచ్చిన క్షణమునుండి చల్లారుచునే యుండును. చేతి సుత్తితో నాలుగైదు మారులు కాచి కొట్టవలసిన సాగుడును యంత్రసమ్మెట ఒకటి రెండు కాపులలో ముగించును. కాపులు తగ్గినకొలది బొగ్గు మిగులును, పొట్టు క్రింద రాలిపోవు యినుమును మిగులును. అన్నిటికంటె మిన్నగా కమ్మరి భుజము మిగులును.

చెప్పక విడువరాని మాట

బలమైన పనివానికి ఒక కొఱత కలదు. ఎదుట సమ్మెట పట్టిన మనిషికి కన్ను లుండును. పట్టకారు జారినను, చేయి అడ్డువచ్చినను ఎత్తిన సమ్మెటను పక్కకు మరల్చును. యంత్రమునకు ఆ కన్నులు లేవు. కావున ఆ మెలకువ కమ్మరియే వహింపవలయును. స్ప్రింగు ఎన్నడైనను విరుగవచ్చును, కావున దానిచుట్టు ఇనుపపంజరము ఉండితీరవలయును. చక్రమునకు అడ్డురేకు, కన్నులకు అద్దములు, చెవులకు మూతలు వేడుక వస్తువులు కావు. ఎనిమిది గంటలపాటు 85 డెసిబెళ్ళకు మించిన చప్పుడు వినిపడుచుండిన చెవులు క్రమముగా చెడిపోవును. చల్లారిన యినుముపై యంత్రసమ్మెటను విడువరాదు. ముక్క పగిలి తుపాకిగుండువలె ఎగురవచ్చును. పనిముట్టు మార్చునపుడు మోటారును ఆపుట మాత్రమే చాలదు, పైకి లేచిన తల జారి పడకుండ దానిక్రింద కొయ్యదిమ్మ నుంచవలయును.

పాత సామానులందును మెలకువ కావలయును. మూసియున్న పీపాలను, షాక్ అబ్సార్బరులను నిప్పుతో కోయుట ప్రాణాంతకము. జింకుపూత గల ఇనుమునకు వెల్డింగు చేయునపుడు లేచు పొగను పీల్చినవారికి జ్వరము వచ్చును. పూతను గీకివేసిన పిదపనే ఆ పని చేయదగును. ఉచితముగా దొరకిన ఇనుము శరీరముతో వెల కట్టించుకొనరాదు గదా!

సమ్మెట దించిన చేతులు

తెలుగునాటి కమ్మరికి మోటారుబండి కొత్త చుట్టము కాదు. విరిగిన లారీ కమాను పట్టీని కాచి కత్తియో, కొడవలియో, గొడ్డలియో చేయుట అతనికి తెలిసిన విద్యయే. తిత్తి యుండినచోట త్రిప్పుడు పంకా, పంకా యుండినచోట కరెంటు బ్లోయరు వచ్చి చేరుట అతడు చూచినదే. ఒక గుఱ్ఱపు బలముగల మోటారు ఇంటి కరెంటుతోనే నడచును. వెల్డింగు దుకాణము లేని చిన్న పట్టణము నేడు అరుదు. తయారుగా అమ్ము యంత్రసమ్మెట వెల చిన్న కొలిమికి భారము కావచ్చును, కాని టైరును, ఇరుసును, స్ప్రింగును ఎఱిగినవానికి కట్టుకొను సమ్మెట అందని పండు కాదు.

అయినను యంత్రము వచ్చినంతనే విద్య తనంతట వచ్చునని తలపరాదు. చిన్నసుత్తి పలికిన మాటలన్నియు ఇపుడు కమ్మరి పాదము పలుకవలయును. ఎచట తట్టవలయును, ఎంత తట్టవలయును, ఎప్పుడు చాలింపవలయును అను మూడు ప్రశ్నలకు జవాబు మోటారులో లేదు. ఆ జవాబు తెలియనివాని చేత యంత్రసమ్మెట మంచి యినుమును త్వరగా చెడగొట్టు సాధనము మాత్రమే యగును.

ఇందొక మేలు కూడ కలదు. ఎన్నో ఏండ్లు ఎదుట నిలిచి సమ్మెట మోదిన ఇల్లాలికి ఆ మూడు ప్రశ్నలకు జవాబులు తెలియును. సుత్తి పలుకులను ఆమెకంటె శ్రద్ధగా విన్నవారు లేరు. ఇనుము ఏ వన్నెలో లొంగునో, ఏ వన్నెలో మొండికెత్తునో ఆమె కన్నులు ఎఱుగును. బలము ఆమెవంతు, నేర్పు అతనివంతు అని చేసిన పంపకము ఆమె నేర్పును కప్పిపుచ్చినది. బలము మోటారువంతు అయిననాడు ఆ పంపకమునకు ఆధారము లేదు. సమ్మెట దించిన చేతులు పట్టకారు పట్టవచ్చును.